బరంపురంలో టీకి ఎక్కడికి తీసుకెళ్తారు: రోడ్డు పక్క బల్ల దగ్గరికా, ఏసీ కేఫ్‌కా?

అస్కా రోడ్డు వాడు:
మా పిన్ని కొడుకు వచ్చే వారం హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. ఊహ తెలిశాక బరంపురం రావడం ఇదే మొదటిసారి. పొద్దున్నే ఇరానీ చాయ్ పడందే నోరు విప్పని రకం. వాణ్ని టీకి ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగితే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా ఆవిడ కొత్తగా పెట్టిన ఏసీ కేఫ్ అంటోంది. మా నాన్న గేట్ బజార్‌లో తాగిందే టీ, మిగతావి వేడినీళ్లంటున్నాడు. నా ఓటు నాన్నకే. మీరేమంటారు?

గేట్‌బజార్ పాతకాపు:
ఇందులో అడగడానికేముంది? మీ నాన్నగారే కరెక్టు. నేను వెళ్లే బల్ల దగ్గర పొద్దున్న నాలుగున్నరకే స్టవ్ వెలుగుతుంది. అల్లం ముక్కని గ్లాసు అడుగుతోనే నలగ్గొట్టి వేస్తాడు. మూడు పొంగులు రానిచ్చి, పొంగినప్పుడల్లా గిన్నె పైకెత్తి దించుతాడు. వడగట్టే గుడ్డ వక్కరంగుకి తిరిగిపోయి ఉంటుంది. తొలి గ్లాసు ఎవరికీ ఇవ్వడు, భూదేవికని రోడ్డు మీద పోస్తాడు. రెండోది నాది. పక్కనే మూకుట్లో సింగడాలు, అదే మన సమోసాలు, వేగుతుంటాయి. ఇక ఖటి, అంటే టీ బల్ల మీద కబుర్ల కచేరీ, దాని సంగతి చెప్పక్కర్లేదు. 1936లో మన గంజాం జిల్లా మద్రాసు నుంచి ఒడిశాకి వెళ్లడం న్యాయమా కాదా అన్న పంచాయితీ ఆ బల్ల మీద ఇంకా తేలలేదు. ఒకాయన ఒడియాలో మొదలుపెట్టి కోపం రాగానే తెలుగులోకి దిగిపోతాడు. ఏసీ కేఫ్‌లో ఇవన్నీ దొరుకుతాయా?

గాంధీనగర్ అమ్మాయి:
పాతకాపు గారూ, చదవడానికి బాగుంది. ఆ బల్ల మీద ఎప్పుడైనా ఒక ఆడమనిషి కూర్చుని టీ తాగడం చూశారా? నేను ఒకసారి మా చెల్లితో వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. కానీ బల్ల మీద ఉన్న నలుగురూ మాటలాపేశారు. మేం రోడ్డు మీద స్కూటీకి ఆనుకుని, నోరు కాల్చుకుంటూ రెండు నిమిషాల్లో తాగేసి వచ్చాం. కేఫ్‌లో టీ అంత గొప్పగా ఉండదు, ఒప్పుకుంటా. అక్కడ నేను డబ్బులిచ్చేది గంటసేపు కూర్చునే కుర్చీకి. బాత్రూమ్ కూడా ఉంటుంది. ఈ ఊళ్లో ఆడవాళ్లకి అది చిన్న విషయం కాదు.

గేట్‌బజార్ పాతకాపు:
మిమ్మల్ని చూసి మర్యాదగా మాటలాపి ఉంటారమ్మా. పొమ్మని ఎవరూ అనరు.

గాంధీనగర్ అమ్మాయి:
పొమ్మనకపోవడం వేరు, కాస్త జరిగి చోటివ్వడం వేరు అంకుల్.

నైట్ డ్యూటీ నర్సు:
నేను ఇక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో పనిచేస్తాను. మీ రెండు పార్టీలూ మెడికల్ కాలేజీ గేటు ముందు టీని మర్చిపోయారు. రాత్రి రెండింటికి ఊళ్లో కేఫ్ ఏది తెరిచి ఉంటుంది? అక్కడ ఆడా మగా తేడా ఉండదు. అందరి ముఖాల్లో నిద్రలేమే. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి పేషెంట్ల మనుషులు వస్తారు. ఒడియా రాక బెదురుతూ నిలబడితే, టీ పోసేవాడే తెలుగులో "అమ్మా, రక్తం బ్యాంకు అటు" అని దారి చెబుతాడు. నేను తాగేది నాలి చా, పాలు లేకుండా, నిమ్మకాయ పిండి. రాత్రంతా పాల టీ తాగితే నాకు కడుపులో మంట.
ఒక్క మాట. పేపర్ కప్పు వద్దని గాజు గ్లాసు అడగండి. ఆ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం అందులో 15 నిమిషాలుంటే 25,000 దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చెప్పారు.

ఇచ్ఛాపురం డైలీ:
టీకి 15 నిమిషాలెవరు తీసుకుంటారు మేడమ్, నా రైలు ఆగేదే రెండు నిమిషాలు! గ్లాసు సరే, కడిగే బకెట్‌లో నీళ్లు చూశారా? సాయంత్రానికి అవి కూడా టీ రంగులోనే ఉంటాయి. నేను పేపర్ కప్పులోనే తాగుతా, గబగబా.

నైట్ డ్యూటీ నర్సు:
బకెట్ విషయంలో ఓడిపోయాను. మీ ముందే వేడినీళ్లతో తొలిపించుకోండి, అడిగితే చేస్తారు.

గోపాలపురం గాలి:
నన్నడిగితే ఊళ్లోనే ఉండొద్దు. గోపాలపురం సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లండి, బండి మీద అరగంట. అక్కడి టీ మీద నాకు మమకారం ఎక్కువ, ముందే చెప్తున్నా. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను అక్కడే తీరం దాటింది. తెల్లారి చూస్తే మా వీధిలో చెట్టు నిలబడి లేదు, కరెంటు లేదు, పాలు లేవు. ఒకాయన కూలిన కొమ్మలే విరిచి పొయ్యి పెట్టి బెల్లం వేసి డికాషన్ కాచాడు. డబ్బులు తీసుకోలేదు. అంతకంటే మంచి టీ నేను తాగలేదు. రుచి సంగతి మాత్రం అడక్కండి, పొగ కంపు కొట్టింది.

సికింద్రాబాద్‌లో బరంపురం వాడు:
ఒక హెచ్చరిక. మీ తమ్ముడికి మన టీ మొదటి గుక్కలో నచ్చదు. ఇరానీ చాయ్‌లో డికాషన్ వేరుగా మూతపెట్టి మగ్గబెడతారు, పాలు వేరుగా చిక్కబడేదాకా కాస్తారు, కప్పులోనే కలుపుతారు. మన దగ్గర పాలు, నీళ్లు, పొడి, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో ఉడకాల్సిందే. అదీ గుళికల్లా ఉండే సీటీసీ పొడి, క్షణాల్లో రంగు దించేస్తుంది. అతనిది మీగడ అలవాటు, మనది అల్లం ఘాటు. కాబట్టి కేఫ్‌కి తీసుకెళ్లి ఏలకుల టీ తాగిస్తే హైదరాబాద్‌తో పోల్చి పెదవి విరుస్తాడు. బల్ల దగ్గరైతే పోల్చడానికేమీ ఉండదు.

అస్కా రోడ్డు వాడు:
అందరికీ థ్యాంక్స్. గాంధీనగర్ అమ్మాయి రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. "పదకొండేళ్లయింది పెళ్లయి. మీ గేట్ బజార్ టీ నేను ఫ్లాస్కులో తెచ్చిందే తాగాను, ఒక్కసారీ పొగలు కక్కుతుండగా తాగలేదు" అంది. నాకు నోట మాట రాలేదు. తమ్ముడి సంగతి తర్వాత చూద్దాం. ఆదివారం ముందు ఆవిడనే తీసుకెళ్తున్నా. పాతకాపు గారూ, ఆ బల్ల మీద ఇద్దరికి చోటు దొరుకుతుందా?

గేట్‌బజార్ పాతకాపు:
ఆరింటికల్లా రండి, నేను లేచి నిలబడతాను. ఏడు దాటితే కూరల మార్కెట్ వాళ్లు దిగిపోతారు, అప్పుడు నా మాట కూడా ఎవరూ వినరు. గాంధీనగర్ అమ్మాయి గారూ, మీరూ మీ చెల్లినీ తీసుకుని రండి.

గాంధీనగర్ అమ్మాయి:
ఆదివారం ఆరింటికా అంకుల్? ఏడింటికి ముందు మా చెల్లి మంచం దిగదు.