చలిలో ఆరుబయట పనికి తక్కువ ధరలో లోపలి దుస్తులు ఏవి కొనాలి?

కెనడాలోని విన్నిపెగ్‌లో భవన నిర్మాణ పనిలో ఉన్న నేను జనవరిలో మైనస్ 25 డిగ్రీల చలిలో రోజుకు 8 గంటలు ఆరుబయటే గడపవలసి వస్తున్నది. గుంటూరు నుండి తెచ్చుకున్న నూలు బనియన్లు, బరువులు మోసేటప్పుడు చెమట పీల్చుకొని, కాసేపు ఆగి నిలబడగానే మంచుగడ్డలా ఒంటికి అంటుకుంటున్నాయి (మన ఎండలకు పనికొస్తుందని ఆ చెమట పీల్చే గుణం చూసే కొన్నాను). మెరినో ఉన్ని (మెరినో జాతి గొర్రెల సన్నని ఉన్ని) తడిసినా వెచ్చగా ఉంటుందనీ, త్వరగా వాసన పట్టదనీ తెలుసు గానీ, మొత్తం మీద 100 డాలర్లకు మించి పెట్టలేను. పాలియెస్టర్ థర్మల్స్ (చలికి లోపల వేసుకునే దుస్తులు) చవక, త్వరగా ఆరుతాయి. అయితే వారానికి ఒక్కసారే బట్టలు ఉతుక్కునే నాకు వాటి వాసనే భయం. పలుచని పాలియెస్టర్ జతలు రెండు కొనడం మేలా, లేక ఒంటి పైభాగానికి లోపల ఒక్క మెరినో చొక్కా, కాళ్లకు మాత్రం పాలియెస్టర్ తీసుకోవడం మేలా? ఇటువంటి పనిలో ఒక చలికాలమైనా గడిపినవారు, ఏ మందం సరిపోయిందో, ఎన్నాళ్లు మన్నిందో దయచేసి తెలియజేయగలరు.