తండ్రి లేని అమ్మాయి పెళ్ళి శుభలేఖ ఎవరి పేరు మీద వేయించాలి?

ప్రశ్న (కావలి నుంచి):
అందరికీ నమస్కారం. మా చెల్లెలి వివాహం ఈ వైశాఖంలో కావలిలోనే జరగనున్నది. నాన్నగారు కాలం చేశారు కనుక శుభలేఖ మేనమామ గారి పేరుతో వేయించాలని పెద్దలు అంటున్నారు. పిలుపు అమ్మ పేరు మీదే వెళ్ళాలని నా కోరిక. ముహూర్తం 2026 ఏప్రిల్ 29 బుధవారం రాత్రి 2.14 గంటలకు కుదిరింది. తేదీ 29 అని వేయాలా, 30 అని వేయాలా? మగపెళ్ళివారిది ఒంగోలు.

జవాబు (ఒంగోలు, విశ్రాంత తెలుగు పండితుడు):
కన్యాదానం చేయడానికి పీటల మీద ఎవరు కూర్చుంటారన్నది ఒక విషయం, బంధువులను ఎవరు పిలుస్తున్నారన్నది మరొక విషయం. రెంటినీ కలిపివేయడం వల్లనే ఈ చిక్కు వస్తున్నది. మీ అమ్మగారి పేరుతో నిరభ్యంతరంగా ఇలా వేయించండి: "నా ద్వితీయ పుత్రిక, కీ.శే. ఫలానా గారి కుమార్తె చి.ల.సౌ. ఫలానాను, ఒంగోలు వాస్తవ్యులు శ్రీ ఫలానా గారు, శ్రీమతి ఫలానా గారి జ్యేష్ఠ పుత్రుడు చి. ఫలానాకు ఇచ్చి వివాహము జరిపించుటకు దైవజ్ఞులు సుముహూర్తము నిశ్చయించినారు కావున, తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన." ఆహ్వానించేవారు తమ పేరుకు తామే "గారు" తగిలించుకోకూడదు, వియ్యాలవారి పేర్లకు మాత్రం అది తప్పనిసరి. మేనమామ గారి పేరును శుభలేఖ అడుగున "బంధుమిత్రుల శుభాభినందనలతో" అన్న చోట మొదట వేస్తే ఆయన గౌరవానికీ లోటుండదు.

జవాబు (నెల్లూరు, శుభలేఖలు అచ్చువేసేవాడిని):
పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది, క్యాలెండరు తేదీ అర్ధరాత్రి మారుతుంది. అందుచేత "29-4-2026 బుధవారం రాత్రి 2.14 గంటలకు (తెల్లవారితే గురువారం)" అని వేయించండి. ఉత్త 30 అని వేస్తే ఆ రాత్రికి తీరిగ్గా బయలుదేరే చుట్టాలు ఉంటారు, అప్పటికి పెళ్ళికూతురు ఒంగోలు చేరిపోయి ఉంటుంది! విందు వేళను మాత్రం విడిగా, 29 సాయంత్రం ఎన్ని గంటల నుంచో స్పష్టంగా రాయించండి. మార్చి 19న ఉగాదితో పరాభవ నామ సంవత్సరం వచ్చింది కాబట్టి, పాత శుభలేఖలోని మ్యాటర్ ఇచ్చి ఉంటే "విశ్వావసు" అలాగే మిగిలిపోయిందేమో ప్రూఫులో చూసుకోండి.

జవాబు (సింగరాయకొండ నుంచి):
అమ్మాయీ, అచ్చు సంగతి పెద్దలు చెప్పారు, పిలుపు సంగతి నేను చెబుతాను. నాన్నగారు లేని ఇంట్లో మేనమామ ముందుండి నడిపిస్తున్నప్పుడు, తమను పక్కన పెట్టారేమోనని నాన్నగారి వైపు వారు నొచ్చుకోవడం సహజం. దేవుడి దగ్గర మొదటి శుభలేఖ పెట్టగానే, అమ్మను వెంటబెట్టుకొని మేనత్తల ఇళ్ళకూ పెదనాన్న, బాబాయిల ఇళ్ళకూ వెళ్ళి, బొట్టు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ చేతికివ్వండి. వాట్సాప్‌లో ముందుగా పంపవద్దు. దూరాన ఉన్నవారికి కూడా ఫోన్‌లో మాట్లాడిన తరువాతే పంపండి.