వానాకాలమంతా కదలని సెస్నా 172: ముందు ఏం చూడాలి?

ప్రశ్న: నాగార్జునసాగర్ రన్‌వే దగ్గర ఆరుబయట ఉన్న విమానం. లైకమింగ్ ఇంజిన్. వారానికోసారి నేలమీద కాసేపు నడిపితే సరిపోతుందా?

జవాబు 1: అట్లా అస్సలు చేయొద్దండి. లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) క్రాంక్‌షాఫ్ట్‌కు (పిస్టన్లు తిప్పే ఇరుసుకు) పైన ఉంటుంది. ఆగిన ఇంజిన్‌లో ఆయిల్ కిందికి జారి, క్యామ్ లోబులకు (క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బెత్తులకు) తుప్పు పడుతుంది. నేలమీద నడిపితే ఆయిల్ 82 డిగ్రీలకు చేరదు, తేమ లోపలే మిగులుతుంది. ప్రొపెల్లర్ చేత్తో తిప్పినా మిగిలిన ఆయిల్ పొర తుడుచుకుపోతుంది. మొదటి స్టార్ట్‌కు ముందు ఆయిల్ మార్చి, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో స్పార్క్ ప్లగ్ తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పించండి. ఒక్కసారికి 10–15 సెకన్లు మించొద్దు. తర్వాత ఆయిల్ ఫిల్టర్ కోసి, అయస్కాంతానికి అంటుకునే ఉక్కు పొట్టు ఉందేమో చూడాలి. ఉంటే సిలిండర్ విప్పించి క్యామ్ చూపించండి. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి నిలవడం) బాగుందని నమ్మొద్దు, అది క్యామ్ సంగతి చెప్పదు.

జవాబు 2: అన్నా, పిటో గొట్టంలో (వేగం కొలిచే గొట్టంలో) కందిరీగలు మట్టి పెడతాయి, కవర్ తప్పనిసరి. కౌలింగ్‌లో (ఇంజిన్ మీది రేకు కప్పులో) పిట్టగూళ్లు చూడండి. ఇంధన ట్యాంకుల అడుగున డ్రెయిన్లు తెరిచి నీళ్లు పోయేదాకా వదలాలి, మూత రబ్బరు పగిలితే అక్కడినుంచే వాన నీళ్లు దిగుతాయి.

జవాబు 3: ఎగిరే ముందు ఎయిర్‌వర్తీనెస్ రివ్యూ సర్టిఫికెట్ (విమానం ఎగరడానికి తగినదనే పత్రం) గడువు చూసుకోండి. పనులన్నిటికీ లైసెన్సున్న ఇంజనీరే లాగ్‌బుక్‌లో సంతకం చేయాలి.