మూడెకరాల బత్తాయి తోట అమ్మి అమ్మాయిని పైలట్ చేయాలా?

బత్తాయి తోట (దేవరకొండ):
మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతి నుంచి ఒకటే మాట, పైలట్ అవుతానంటుంది. హైదరాబాద్ వెళ్లి ఒక శిక్షణ సంస్థలో అడిగితే 200 గంటల ఫ్లయింగ్‌తో కమర్షియల్ లైసెన్సుకు 52 లక్షలు అన్నారు. హాస్టలు, పరీక్ష ఫీజులు వేరట. మాకున్నది ఒక ఇల్లు, మూడెకరాల బత్తాయి తోట. ఎకరం 18 లక్షలకు అడిగేవాళ్లు ఉన్నారు. లెక్క సరిగ్గా సరిపోతోంది, అందుకే భయం వేస్తోంది. మిలిటరీ దారిలో పైసా ఖర్చు లేదని ఒకరు, అది మనలాంటి వాళ్లకు అందదని ఇంకొకరు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత సార్జంట్ (నల్లగొండ):
అన్నగారూ, తోట మీద చెయ్యి వేయకండి. నేను వాయుసేనలో 20 ఏళ్లు చేశాను. హకీంపేటలో కిరణ్ విమానాల ఇంజిన్లు చూసేవాణ్ణి. యూపీఎస్సీ వాళ్లు ఎన్డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు. వయసు 16న్నర నుంచి 19న్నర. 2021 నుంచి ఆడపిల్లలనూ రాయనిస్తున్నారు, వాళ్లకు దరఖాస్తు ఫీజు కూడా లేదు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఆ అకాడమీలో మూడేళ్లు తిండి, బట్ట, చదువు అన్నీ ప్రభుత్వానివే. తర్వాత విమానం నేర్పేది మన దుండిగల్ వాయుసేన అకాడమీలోనే. అక్కడ నెలకు 56,100 రూపాయలు మీ అమ్మాయికే ఎదురిస్తారు. ఇది తప్పితే డిగ్రీ అయ్యాక వాయుసేన సొంతంగా పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఉంది, 20 నుంచి 24 ఏళ్ల మధ్య. పైసా ఖర్చు లేని దారి ఎదురుగా ఉంటే తోట అమ్మడం ఎందుకు?

మిల్లు లెక్కలు (మిర్యాలగూడ):
సార్జంట్ గారి మాటే నాది. మా అక్క కొడుకు కథ వినండి. 2017లో చేరాడు. సంస్థ పేరు చెప్పను. ఫీజు రెండు విడతల్లో ముందే కట్టించుకున్నారు. ఉన్నవి మూడు విమానాలు, అందులో ఒకటి ఎప్పుడూ షెడ్డులోనే. ఇన్‌స్ట్రక్టర్ మానేసి వెళ్లిపోయాడు, కొత్తవాడు రావడానికి ఐదు నెలలు. ఏడాదిన్నరలో అయిపోతుందన్న 200 గంటలకు మూడేళ్లు దాటింది. ఆ మూడేళ్లూ గది అద్దె ఎవరు కడతారు? లైసెన్సు చేతికి వచ్చాక పెద్ద విమానం నడపాలంటే టైప్ రేటింగ్ కావాలన్నారు, అది ఇంకో 15 లక్షలు. అక్కడితో మా బావ చేతులెత్తేశాడు. ఇప్పుడు వాడు ఎరువుల దుకాణంలో యూరియా బస్తాలకు బిల్లు రాస్తున్నాడు. పత్రికల్లో పైలట్ల కొరత అని రాస్తారు. కొరత కెప్టెన్లకు. కొత్త లైసెన్సు పట్టుకుని తిరిగేవాళ్లకు కాదు.

సాగర్ గాలి (పెద్దవూర):
2022 ఫిబ్రవరిలో మా మండలంలో తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలింది. ఒక్కతే ఉంది ఆ అమ్మాయి. ఊరంతా పరుగెత్తాం. ఇంతకన్నా ఏమీ రాయలేను.

కుడి సీటు (మహబూబ్‌నగర్):
నేను ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌ని. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. జడ్చర్లలో ఉన్న ప్లాటు అమ్మి, మిగతాది అప్పు చేసి నన్ను చదివించారు. మిల్లు అన్న చెప్పిన ఆలస్యాలు నిజమే, నాకూ అయ్యాయి. లైసెన్సు వచ్చాక 14 నెలలు ఖాళీగా కూర్చున్నాను. అయినా ఇవాళ నడుపుతున్నాను కదా.

మిలిటరీ ఉచితం అనేవాళ్లు సగమే చెబుతున్నారు. ఏఎఫ్‌క్యాట్‌లో షార్ట్ సర్వీసు అంటే 14 ఏళ్లు. 23కు చేరితే 37కు బయటికి రావాలి, పెన్షన్ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యమైనది సార్జంట్ గారు వదిలేశారు. రాతపరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కినా సీపీఎస్ఎస్ అని పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. అది జీవితంలో ఒక్కసారే. తప్పితే వాయుసేనలో పైలట్ ఆశ వదులుకోవలసిందే.

మిల్లు లెక్కలు:
ఒక్కసారే అనేది తప్పు. మా వీధి అబ్బాయి మైసూరుకు రెండుసార్లు వెళ్లి వచ్చాడు.

కుడి సీటు:
అన్నా, మైసూరులో జరిగేది సెలెక్షన్ బోర్డు. దానికి వయసు ఉన్నంత వరకు వెళ్లవచ్చు. సీపీఎస్ఎస్ వేరు.

మిల్లు లెక్కలు:
రెండూ మైసూరులోనే కదా? రెండుసార్లు వెళ్లాడంటే రెండుసార్లు రాసినట్టే.

కుడి సీటు:
మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామందిని ఇంటికి పంపిస్తారు. మీ వీధి అబ్బాయి సీపీఎస్ఎస్ దాకా వెళ్లే ఉండడు.

మిల్లు లెక్కలు:
వెళ్లాడో లేదో నీకెలా తెలుసు? నువ్వు వాడితో రైలెక్కావా?

ఒక పాఠకుడు:
అగ్నివీర్‌గా చేరితే తర్వాత పైలట్ చేయరా?

పాత సార్జంట్:
చేయరు. అగ్నివీర్ వాయు నాలుగేళ్లు, పనులన్నీ నేల మీదవే. చివర్లో ఇచ్చే సేవానిధి పది, పదకొండు లక్షల చిల్లర. దానితో లైసెన్సు ఫీజులో పాతిక వంతు కూడా... కాదు, అయిదో వంతు వస్తుంది. ఈ భ్రమతో చేరిన పిల్లలను చూశాను.

కౌంటరు నంబరు 3 (సూర్యాపేట):
బ్యాంకులో పని చేస్తాను కాబట్టి ఒక మాట. తోట అమ్మకుండా తాకట్టు పెట్టి విద్యారుణం తీసుకుంటామని చాలామంది రైతులు వస్తారు. ఏడున్నర లక్షలు దాటితే హామీగా ఆస్తి అడుగుతాం. కానీ వ్యవసాయ భూమి అంటే మా పైవాళ్లు ముఖం తిప్పుకుంటారు. అప్పు మొండికేస్తే సర్ఫేసీ చట్టం కింద సాగుభూమిని స్వాధీనం చేసుకోవడానికి వీల్లేదు, అదీ కారణం. ఇల్లో, ప్లాటో అడుగుతారు. 40 లక్షలు 11 శాతానికి తీసుకుంటే ఒక్క వడ్డీయే నెలకు 36 వేలు దాటుతుంది. చదువు నడిచినన్నాళ్లు, ఆ తర్వాత ఏడాది కట్టనక్కర్లేదు. కానీ ఆ వడ్డీ ఎక్కడికీ పోదు, పుస్తకంలో పెరుగుతూనే ఉంటుంది.

పండ్ల మార్కెట్ (నల్లగొండ):
తోట వయసు ఎంతో ఎవరూ అడగలేదు. పదిహేనేళ్లు దాటితే కాపు తగ్గుతుంది, ఇప్పుడే అమ్మడం మంచిది.

బత్తాయి తోట:
పదకొండేళ్లు. మంచి కాపు మీద ఉంది.

పండ్ల మార్కెట్:
అయితే అమ్మకండి.

పాత సార్జంట్:
కుడి సీటు తమ్ముడికి. అవును, సీపీఎస్ఎస్ ఒక్కసారే. మిల్లు గారూ, ఇందులో ఈ తమ్ముడు చెప్పిందే నిజం, మీరు ఇక వదిలేయండి. చేతిలో కర్ర, పాదాల కింద పెడల్స్, ఎదురుగా తెర. చెయ్యి, కాలు, కన్ను ఒకేసారి పని చేయాలి. దానికి ట్యూషన్లు ఉండవు. పెన్షన్ లేదు, 14 ఏళ్లు అని ఏడ్చేవాళ్లు అసలు ఆ గేటు దగ్గరికే రాకూడదు. వాయుసేన అంటే ఫీజు కట్టలేనివాళ్ల కోసం నడిపే ఫ్లయింగ్ క్లబ్బు కాదు. 2023 డిసెంబరులో తూప్రాన్ దగ్గర దుండిగల్ విమానం కూలి ఇన్‌స్ట్రక్టరు, క్యాడెట్ ఇద్దరూ పోయారు. వాళ్లు ఎంత మిగుల్చుకున్నారో లెక్కేస్తావా?

కుడి సీటు:
చనిపోయినవాళ్లను మధ్యలోకి తేవద్దు సార్. మొదటి పోస్టు మీరే రాశారు, పైకి వెళ్లి చదువుకోండి. 'పైసా ఖర్చు లేని దారి', 'నెలకు 56,100 ఎదురిస్తారు'. ఆ తండ్రికి వాయుసేనను బేరంలా చూపించింది మీరు. ఇప్పుడు నేను అదే లెక్క వేస్తే దేశద్రోహిని అయ్యానా? ఒక్కసారే అని తెలిసి కూడా ఎందుకు దాచారు?

పాత సార్జంట్:
దాచలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. మా వాడు డెహ్రాడూన్‌లో బోర్డు మొత్తం గట్టెక్కి సీపీఎస్ఎస్‌లో పోయాడు. నేను 20 ఏళ్లు ఎవరెవరి పిల్లలో ఎక్కే విమానాలకు ఇంజిన్లు బిగించాను, నా కొడుకు ఒక్కసారి ఎక్కాలని. మధ్యాహ్నం ఫోను చేసి 'నాన్నా, ఇక లేదు' అన్నాడు. గ్రౌండ్ డ్యూటీకి రాయమంటే రాయనన్నాడు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం, ఆకాశం మాట ఎత్తడు. నా దగ్గర అమ్మడానికి ప్లాటు లేదు తమ్ముడూ. ఉంటే అమ్మేవాణ్ణేమో, ఇదిగో నిజం చెప్పాను.

మిల్లు లెక్కలు:
సార్జంట్ గారూ, బాధపడకండి. కుడి సీటూ, నిన్నొకటి అడుగుతాను. జడ్చర్ల ప్లాటు అన్నావు. ఎవరి కోసం కొన్నది అది? మా అక్క ఇంట్లో వాడి మీద పెట్టిన డబ్బు చిన్నదాని చదువు కోసం దాచినది. ఆ పిల్ల మెడిసిన్ రాస్తానంటే డిగ్రీలో చేర్చారు. పైలట్ కథలు చెప్పే వాళ్లెవరూ ఆ పిల్ల సంగతి చెప్పరు.

కుడి సీటు:
మా అక్క పెళ్లికి కొన్నది. అక్క పెళ్లి నాలుగేళ్లు వాయిదా పడింది. నెలనెలా ఆమెకు పంపుతున్నాను. తీరిపోయింది ఇక పంపకు అంటుంది, నేను పంపుతూనే ఉన్నాను. ఇప్పుడు సంతోషమా?

మిల్లు లెక్కలు:
సంతోషం కాదు. ఇది 52 లక్షల ప్రశ్న కాదని చెబుతున్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకరి మీద అంతా పందెం కాయడానికి తండ్రికి హక్కుందా అనేది ప్రశ్న. మీ అక్కయ్య ఒప్పుకుంది. అడిగి ఒప్పించారా, అడగకుండానే ఒప్పుకున్నట్టు అనుకున్నారా?

కుడి సీటు:
ఎవరూ పందెం కాయకపోతే కండక్టర్ కొడుకు కండక్టరే అవుతాడు. సమానంగా పంచుతామని ఇద్దరికీ చెరో పాతిక లక్షలిస్తే ఇద్దరిలో ఎవరూ ఎక్కడికీ చేరరు. సగం లైసెన్సు అంటూ ఏదీ లేదు.

భువనగిరి బ్యాచ్:
నేను భువనగిరిలో ఉన్న సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా సాయుధ దళాల ప్రిపరేటరీ కాలేజీలో చదివాను. పొద్దున అయిదింటికి పరుగుతో మొదలయ్యేది రోజు. పైలట్ కాలేదు, వేరే ఉద్యోగంలో ఉన్నాను. అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ఎన్డీఏ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే వస్తుంది. 900 మార్కుల్లో ఇంగ్లిషుకే 200. నేను తెలుగు మీడియం నుంచి వచ్చాను, నన్ను ఆపింది లెక్కలు కాదు. బాబాయ్ గారూ, మీ అమ్మాయి ఇంగ్లిషులో పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలదా? అంతకన్నా ముందు, ఆమెకు యూనిఫాం ఇష్టమేనా? విమానం ఇష్టం వేరు, ఆ బతుకు ఇష్టం వేరు.

మర్రిగూడ నీళ్లు:
మా దగ్గర ఫ్లోరైడు నీళ్లకు పిల్లల పళ్లు గార పట్టి ఉంటాయి. మెడికల్‌లో అది చూసి తీసేస్తారా సార్జంట్ గారూ? చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను.

పాత సార్జంట్:
పళ్లకు పాయింట్లు లెక్కిస్తారు, 14 ఉండాలి. ఊడిపోయినవి, పుచ్చిపోయినవి లెక్క తగ్గిస్తాయి. దరఖాస్తుకు ముందే పంటి డాక్టరుకు ఒకసారి చూపించండి.

బత్తాయి తోట:
అందరికీ దండాలు. ఒక సంగతి నేను రాయలేదు. మిల్లు గారు ఇద్దరు పిల్లలు అన్నప్పటి నుంచి గుండెలో గుచ్చుకుంటోంది. నాకు కొడుకున్నాడు, పెద్దవాడు. డిగ్రీ రెండో ఏడు మానేసి తోట చూస్తున్నాడు. ఒక ఎండాకాలం రెండు బోర్లూ ఎండిపోతే చెట్టు చెట్టుకూ ట్యాంకరు నీళ్లు పోసి బతికించింది వాడే. రాత్రి రెండింటికి ట్యాంకరు వస్తే పైపు పట్టుకుని నిలబడేవాడు. ఎకరం 18 లక్షల మాట వాడి ముందు నేను ఇంకా ఎత్తలేదు. మీ అందరినీ అడిగాను గానీ వాణ్ణి అడగలేదు.

మిల్లు లెక్కలు:
నేను చెబుతున్నది అదే.

కుడి సీటు:
అయితే అడగండి బాబాయ్. కానీ 'వద్దు' అంటాడని ముందే అనుకుని అడగకండి. మా అక్కను నాన్న అలాగే అడిగారు, ఆమెకు కోపం వచ్చింది.

బత్తాయి తోట:
నిన్న రాత్రి అడిగాను. ఏమీ అనలేదు. పొద్దున లేచి చూస్తే దర్జీ టేపు తెచ్చి చెల్లెలిని తలుపు చట్రానికి ఆనించి కొలుస్తున్నాడు. ఎన్డీఏ దరఖాస్తు కాగితం చదువుకున్నాడట. ఎత్తు 164 వచ్చింది. తోట గురించి అవునని గానీ కాదని గానీ ఇంకా అనలేదు. సార్జంట్ గారూ, కాలు పొడవు 99 సెంటీమీటర్లు ఉండాలట, దాన్ని నిలబెట్టి కొలవాలా, కూర్చోబెట్టి కొలవాలా? ఇద్దరూ దాని మీద పోట్లాడుకుంటున్నారు.

పాత సార్జంట్:
కూర్చోబెట్టి. వీపు గోడకు ఆనించి, కాళ్లు నేల మీద బారుగా చాపి, గోడ నుంచి మడమ వరకు. మోకాలు పైకి లేవకూడదు. తలుపు చట్రం వద్దు, గడప అడ్డం వస్తుంది.

మిల్లు లెక్కలు:
సీపీఎస్ఎస్ గురించి మా వీధి అబ్బాయిని మళ్లీ అడిగాను. రెండుసార్లూ స్క్రీనింగ్‌లోనే పంపించేశారట. అయినా రెండుసార్లు వెళ్లాడు కదా.