18 మీటర్లలో మధ్యలో, 70లో ఎడమకు: తప్పు సైట్‌దా, ప్లంజర్‌దా?

ప్రశ్న:
విలువిద్యలో రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) వాడతాను, కుడిచేతి వాటం. 18 మీటర్లకు సైట్ (విల్లుకు బిగించిన గురి పరికరం) కుదిర్చితే బాణాలన్నీ టార్గెట్ నడుమ పసుపులోనే. సైట్ పిన్ (గురిచూసే మొన) కిందికి దించి 70 మీటర్లకు వేస్తే, గాలి లేకపోయినా గుంపు మొత్తం ఎడమకు 8 వలయంలో పడుతోంది. గుంపు చెదరట్లేదు. విండేజ్ (పిన్‌ను కుడి ఎడమలకు జరిపే మర) తిప్పితే 70 కుదురుతుంది, 18 చెడుతుంది. సైట్, ప్లంజర్ (బాణాన్ని పక్క నుంచి ఆనే స్ప్రింగ్ మొన) రెండూ కొత్తవే. ముందు ఏది చూడాలి?

జవాబు 1:
గుంపు కుదురుగానే ఉంది కాబట్టి రిలీజ్ (స్ట్రింగ్ వదిలే తీరు) జోలికి వెళ్లకండి. ముందు సైట్ బార్ (పిన్ పైకీ కిందికీ జరిగే నిలువు పట్టీ) చూడండి. విల్లు కదలకుండా ఆనించి, స్ట్రింగ్ రెండు లింబుల (విల్లు పై, కింది చేతుల) మధ్యగా, లాంగ్ రాడ్ (విల్లు ముందుకు పొడుచుకొచ్చే కడ్డీ) మీదుగా కనిపించేలా వెనక నుంచి చూడండి. పిన్ ఉండే బ్లాక్‌ను పైకి తెచ్చి, పిన్ స్ట్రింగ్ అంచును తాకినట్టు కనిపించేలా పెట్టి, అక్కణ్నుంచి మెల్లగా అడుగుదాకా దించండి. అంచు వెంటే దిగితే బార్ నిటారుగా ఉన్నట్టే. కుడికి జరిగిందా, మీ రోగం అదే. కంటికి పిన్ 90 సెం.మీ. దూరంలో ఉంటే, పిన్ 2 మి.మీ. జరిగితే 70 మీటర్లలో దాదాపు 15 సెం.మీ. తేడా. 122 సెం.మీ. టార్గెట్ మీద అది సరిగ్గా 8 వలయమే. సైట్ మౌంట్‌కీ రైజర్‌కీ (విల్లు నడిమి పిడి భాగం) మధ్య ఒక పక్క పల్చటి రేకు ముక్క పెడితే బార్ నిటారవుతుంది. తర్వాత 18లో విండేజ్ మళ్లీ కుదుర్చుకోవాలి.

జవాబు 2:
బార్ బాగుంటే వాక్‌బ్యాక్ (వెనక్కి జరుగుతూ వేసే పరీక్ష) చేయండి. టార్గెట్ మీద నిలువు టేప్ అతికించి, పై కొసకే గురిపెడుతూ 18, 22, 26, 30 మీటర్ల నుంచి వేయండి. సైట్ 18 దగ్గరే ఉండాలి, ముట్టుకోవద్దు. పిన్ కదలదు కాబట్టి బార్ తప్పు ఇందులోకి రాదు, అదే దీని సుళువు. కిందికి వెళ్లేకొద్దీ బాణాలు టేప్ వదిలి ఎడమకు ఏటవాలుగా దిగితే ప్లంజర్ మరీ బయటికి ఉన్నట్టు. పావు చుట్టు లోపలికి తిప్పి మళ్లీ వేయండి. ఏటవాలు కాకుండా విల్లులా వంపు తిరిగితే స్ప్రింగ్ బిగువు చూడాలి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో తేలదు. లాక్ స్క్రూ బిగించేటప్పుడు ప్లంజర్ తనంతట తాను కాస్త తిరిగిపోతుంది, మళ్లీ కొలవండి.

జవాబు 3:
రెండు పరీక్షల్లోనూ తేడా రాకపోతే విల్లు ఎడమకు వాలుతోందన్నమాట. స్టాండ్ మీద బార్ నిటారుగానే కనిపిస్తుంది, చేతిలో వాలితే పిన్ మళ్లీ కుడికే పోతుంది. కాంపౌండ్ (కప్పీలుండే) విల్లుకైతే లెవెల్ బుడగ ఉంటుంది, పోటీల్లో రికర్వ్‌కు దాన్ని ఒప్పుకోరు. బరువు కట్టిన దారం ఎదురుగా వేలాడదీసి, వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీయించండి. వాలు కనిపిస్తే ముందు సైడ్ రాడ్ల (విల్లుకు రెండు పక్కలా ఉండే కడ్డీల) బరువులు రెండు పక్కలా సమానమో కాదో చూడండి.