ఇల్లు కొన్నాం, కౌంటీ రికార్డుల్లో మా పేరు కనిపించడం లేదు. ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి):

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నాం. క్లోజింగ్ (సంతకాలు, చెల్లింపులు) అయింది, తాళాలు ఇచ్చారు, గృహప్రవేశం కూడా అయిపోయింది. కానీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో మా అడ్రస్ కొడితే ఓనర్ దగ్గర ఇంకా బిల్డర్ పేరే వస్తోంది. కౌంటీ క్లర్క్ రికార్డుల్లో మావారి పేరు కొడితే అసలేమీ రావడం లేదు. ఇంతలో పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. చూడ్డానికి గవర్నమెంట్ కాగితంలాగే ఉంది. మా ఇంటి వివరాలన్నీ రాసి, డీడ్ (ఇల్లు మా పేరు మీదికి మార్చిన పత్రం) కాపీ కావాలంటే ఫలానా తేదీలోగా దాదాపు 100 డాలర్లు కట్టమన్నారు. అక్కడ మా నాన్నగారేమో ఫోన్ చేసినప్పుడల్లా "రిజిస్ట్రేషన్ కాగితాలు చేతికొచ్చాయా, ఈసీ తీయించారా" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (ప్లేనో నుంచి):

ముందు ఆ ఉత్తరానికి డబ్బులు కట్టకండి అమ్మా. అది ప్రైవేటు వ్యాపారం. కాగితం కింద చిన్న అక్షరాల్లో చూడండి, తమది ప్రభుత్వ సంస్థ కాదని వాళ్లే రాసుకుంటారు. టెక్సస్‌లో క్లర్క్ ఆఫీసు మామూలు కాపీకి పేజీకి 1 డాలర్ తీసుకుంటుంది. సర్టిఫైడ్ కాపీకి 5 డాలర్లు, దానిపైన పేజీకి మరో డాలర్. పైగా ఒరిజినల్ డీడ్ రికార్డయ్యాక ఎటూ మీకే రావాలి. డీడ్‌లో "రికార్డయిన తర్వాత ఈ అడ్రస్‌కు పంపండి" అని ఒక చోట రాసి ఉంటుంది, అక్కడికి వెళ్తుంది.

అయితే ఆ ఉత్తరాన్ని పారేయకండి, మీకు పనికొస్తుంది. వాళ్లు మీ వివరాలు తీసుకునేది కౌంటీ రికార్డుల్లోంచే. కాబట్టి ఉత్తరం వచ్చిందంటే మీ డీడ్ రికార్డయిపోయి ఉండటానికే ఎక్కువ అవకాశం. అందులో మీవారి పేరు ఏ స్పెల్లింగ్‌తో, ఏ వరసలో ఉందో చూడండి. అచ్చం అలాగే క్లర్క్ సైట్‌లో కొట్టి చూడండి.

ఇక్కడ మూడు ఆఫీసులు వేరువేరు. అప్రైజల్ డిస్ట్రిక్ట్ పని పన్ను కోసం ఇంటికి విలువ కట్టడం. ఆ పన్ను వసూలు చేసేది టాక్స్ అసెసర్ కలెక్టర్. డీడ్లు, లియన్లు (బాకీ కింద ఆస్తి మీద ఉండే హక్కులు) రికార్డయ్యేది కౌంటీ క్లర్క్ దగ్గర. ఇల్లు ఎవరిదనే ప్రశ్నకు మూడోదే ఆధారం. అప్రైజల్ సైట్‌లో ఓనర్ పేరు మారడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అక్కడ బిల్డర్ పేరు ఉన్నంత మాత్రాన ఇల్లు బిల్డర్‌ది అయిపోదు. అలాగే రేపు మీ పేరు వచ్చినా, ఆ పేజీ ప్రింట్ తీసి ఓనర్‌షిప్‌కు రుజువని దాచుకోకండి.

ఇంకొకటి. ఫ్రిస్కో రెండు కౌంటీల్లో ఉంది. తూర్పు భాగం కొలిన్, పడమటి భాగం డెంటన్. మీ ఇల్లు ఏ కౌంటీలో ఉంటే ఆ క్లర్క్ దగ్గరే వెతకాలి. క్లోజింగ్ కాగితాల్లో కౌంటీ పేరు ఉంటుంది.

జవాబు (టైటిల్ ఆఫీసులో, అంటే ఆస్తి రికార్డులు చూసి క్లోజింగ్ చేయించే సంస్థలో పనిచేస్తున్నాను):

పైన చెప్పినవన్నీ కరెక్ట్. మన పేర్లతో వెతకడం గురించి నేను చెప్తాను, ఎందుకంటే మనవాళ్లకు అసలు చిక్కు అక్కడే వస్తుంది.

క్లర్క్ ఇండెక్స్‌లో ముందు లాస్ట్ నేమ్, తర్వాత ఫస్ట్ నేమ్ ఉంటాయి. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్ కాలమ్‌లో ఉంటుంది, కొందరికి సొంత పేరే సర్‌నేమ్ అయిపోతుంది, కొందరికి ఆ కాలమ్ ఖాళీ. ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద ఉన్న పేరు లాస్ట్ నేమ్‌లోకి వెళ్లి, ఫస్ట్ నేమ్ బదులు "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వస్తుంది, అది డ్రైవింగ్ లైసెన్సు మీదికీ, అక్కడినుంచి డీడ్ మీదికీ పాకుతుంది. ఇక లక్ష్మీనారాయణ అనే పేరు ఒకచోట ఒకే మాటగా, మరోచోట లక్ష్మీ వేరు, నారాయణ వేరుగా ఉంటుంది. అందుకని పూర్తి పేరు కొట్టొద్దు. ముందు లాస్ట్ నేమ్‌లో మొదటి నాలుగైదు అక్షరాలు మాత్రమే కొట్టి, క్లోజింగ్ జరిగిన తేదీ నుంచి ఇవాళ్టి దాకా రేంజ్ పెట్టండి. దొరక్కపోతే ఫస్ట్ నేమ్‌ను లాస్ట్ నేమ్ గడిలో పెట్టి చూడండి. తర్వాత మీ పేరుతోనూ చూడండి, ఇద్దరి పేర్లూ డీడ్‌లో ఉంటే ఇద్దరి కిందా ఇండెక్స్ అవుతుంది.

ఏ పేరుతోనూ రాకపోతే పేరు వదిలేసి లీగల్ డిస్క్రిప్షన్‌తో వెతకండి. అంటే సబ్‌డివిజన్ పేరు, ఫేజ్, బ్లాక్, లాట్ నంబర్లు. చాలా కౌంటీల సైట్లలో అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఈ గడులు ఉంటాయి. పేర్లు తారుమారైనా లాట్, బ్లాక్ సాధారణంగా తప్పు పడవు. ఇంటి నంబరు, వీధి పేరుతో మాత్రం క్లర్క్ సైట్‌లో వెతకాలని చూడకండి. డీడ్లను ఇండెక్స్ చేసేది వీధి అడ్రస్‌తో కాదు.

గ్రాంటర్, గ్రాంటీ అని రెండు కాలమ్‌లు కనిపిస్తాయి. డీడ్‌లో ఇల్లు ఇచ్చిన బిల్డర్ గ్రాంటర్, తీసుకున్న మీరు గ్రాంటీ. అదే రోజు లోన్ కోసం సంతకం పెట్టిన డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో తిరగబడుతుంది. అందులో మీరు గ్రాంటర్, ఎందుకంటే తాకట్టు పెట్టింది మీరు. అందుకే ఒక్క గ్రాంటీ కాలమ్‌లోనే వెతికితే సగం కాగితాలు కనిపించవు.

ప్రశ్న అడిగినవారు:

దొరికింది! ఉత్తరంలో మావారి పేరు మూడు ముక్కలుగా ఉంది. ఆఖరి ముక్కను లాస్ట్ నేమ్‌గా కొడితే వెంటనే వచ్చింది. ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. ఇన్‌స్ట్రుమెంట్ నంబర్ (రికార్డయిన కాగితానికి క్లర్క్ ఇచ్చే నంబరు) రాసి పెట్టుకున్నాను. డీడ్ ఇమేజ్ తెరిచి చదివాక కొత్త డౌట్లు వచ్చాయి. ఇంత పెట్టి కొంటే డీడ్‌లో 10 డాలర్లని రాశారేంటి? "వెండర్స్ లియన్" అని ఉంది, అంటే బిల్డర్‌కు ఇంకా మేం బాకీ ఉన్నట్టా? డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో మా బ్యాంకుతో పాటు "మెర్స్" అని ఇంకో పేరుంది, మేం దాని పేరే వినలేదు. మావారి పేరులో ఒక అక్షరం కూడా తప్పు పడింది.

జవాబు (టైటిల్ ఆఫీసు):

10 డాలర్ల గురించి కంగారు వద్దు. అమ్మకం ధర బయటపెట్టాలన్న నియమం టెక్సస్‌లో లేదు, అందుకే "పది డాలర్లు, ఇతర ప్రతిఫలం" అని ఆనవాయితీగా రాస్తారు. ఇక్కడ ఇంటి అమ్మకం మీద స్టాంప్ డ్యూటీలాంటి ట్రాన్స్‌ఫర్ టాక్స్ కూడా లేదు, కాబట్టి ధర దాచారని ఎవరూ అనుకోరు. డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో మాత్రం లోన్ మొత్తం అందరికీ కనిపిస్తుంది.

వెండర్స్ లియన్ అంటే ధర పూర్తిగా ముట్టేదాకా అమ్మినవాళ్లకు ఇంటి మీద ఉండే హక్కు, ఇది మీ లోన్‌కు సంబంధించిందే. బ్యాంకు బిల్డర్‌కు డబ్బు ఇచ్చేసింది కాబట్టి ఆ హక్కు బ్యాంకుకు బదిలీ అయినట్టు అదే డీడ్‌లో ఇంకాస్త కిందికి వెళ్తే ఉంటుంది. మెర్స్ అంటే మార్ట్‌గేజ్ ఎలక్ట్రానిక్ రిజిస్ట్రేషన్ సిస్టమ్స్. లోన్లు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు చేతులు మారుతుంటాయి కదా, మారినప్పుడల్లా కౌంటీలో కాగితం పెట్టకుండా బ్యాంకుల తరఫున ఆ సంస్థ పేరు ఉంచుతారు.

అక్షరం తప్పును మాత్రం నాన్చకండి. అమ్మేటప్పుడో, రీఫైనాన్స్ (పాత లోన్ తీర్చి కొత్త లోన్ తీసుకోవడం) చేసేటప్పుడో అది అడ్డం వస్తుంది. మీ క్లోజింగ్ చేసిన టైటిల్ ఆఫీసుకు ఇప్పుడే మెయిల్ పెట్టండి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 5.028 సెక్షన్ కింద పేరు స్పెల్లింగ్‌లాంటి చిన్న తప్పులకు కరెక్షన్ ఇన్‌స్ట్రుమెంట్ (సవరణ పత్రం) రికార్డ్ చేయించవచ్చు, మళ్లీ కొత్త డీడ్ రాయించాల్సిన పని లేదు. బిల్డర్‌దే అయిన వేరే లాట్ నంబరు పడటంలాంటి పెద్ద తప్పయితే దారి వేరు, అప్పుడు అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ సంతకాలు పెట్టాలి.

ఇంకో ప్రశ్న (లిటిల్ ఎల్మ్ నుంచి):

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మేం పాత ఇల్లు చూస్తున్నాం. క్లర్క్ సైట్‌లో అమ్మేవాళ్ల పేరు మీద రెండు డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లు ఉన్నాయి. వాళ్లేమో ఒకే లోన్ ఉందంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు (ప్లేనో):

రీఫైనాన్స్ చేసి ఉంటే రెండు కనిపించడం మామూలే అండీ. పాత లోన్ తీరిపోయాక "రిలీజ్ ఆఫ్ లియన్" అనే కాగితం రికార్డవ్వాలి. పాత డీడ్ ఆఫ్ ట్రస్ట్ ఇన్‌స్ట్రుమెంట్ నంబరు రాసుకుని, అదే నంబరును ప్రస్తావించే రిలీజ్ ఉందేమో చూడండి. రిలీజ్ లేనంత మాత్రాన అమ్మేవాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు, డబ్బు కట్టేసినా రిలీజ్ రికార్డు కాకుండా ఉండిపోయిన కేసులు ఉన్నాయి. మీ టైటిల్ ఆఫీసర్‌కు ఆ నంబరు ఇచ్చి అడగండి. డీడ్‌తో పాటు హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) లియన్లు, మెకానిక్స్ లియన్లు, లిస్ పెండెన్స్ కూడా ఒకసారి చూడండి. రూఫ్ వేసినవాళ్లకు డబ్బు కట్టకపోతే మెకానిక్స్ లియన్ పడొచ్చు. ఆస్తి మీద కోర్టు కేసు నడుస్తుంటే లిస్ పెండెన్స్ కనిపిస్తుంది.

జవాబు (టైటిల్ ఆఫీసు):

"అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ జడ్జ్‌మెంట్" అని కనిపిస్తే మాత్రం పేరు చూసి బెదరకండి. అది ఇంటి మీద కాకుండా మనిషి పేరు మీద రికార్డవుతుంది. మన పేర్లు ఒకే కౌంటీలో పది మందికి ఉంటాయి, వేరే శ్రీనివాస్ రెడ్డి బాకీ ఈ శ్రీనివాస్ రెడ్డి ఫైల్లో తేలుతుంది. ఆ మనిషి తాము కాదని అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది.

అన్నిటికీ మించి, మీరు స్వయంగా వెతికింది మీ తృప్తి కోసం, ముందుగా ప్రశ్నలు అడగడం కోసం. దాన్ని నమ్ముకుని ఓనర్స్ టైటిల్ పాలసీ (ఓనర్‌షిప్‌లో లోపం బయటపడితే ఆదుకునే బీమా) మానేయకండి. మన దగ్గర సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే ఈసీలాంటిది ఇక్కడ కౌంటీ ఇవ్వదు. కాగితాలు దాచి ఇండెక్స్ చేయడం వరకే క్లర్క్ పని, ఆ డీడ్ సరైనదా కాదా అని పరిశీలించరు. నోటరీ ముందు సంతకం, ఫీజు ఉంటే రికార్డు చేసేస్తారు. అందుకే దొంగ డీడ్లు కూడా రికార్డవగలవు.

ప్రశ్న అడిగినవారు:

దొంగ డీడ్ అనేసరికి భయమేసింది. దానికేమైనా జాగ్రత్త ఉందా? అలాగే మా నాన్నగారికి ఏం చెప్పమంటారు?

జవాబు (ప్లేనో):

చాలా కౌంటీ క్లర్కులు ఉచితంగా ప్రాపర్టీ ఫ్రాడ్ అలర్ట్ ఇస్తున్నారు. మీ పేరుతో ఏ కాగితం రికార్డయినా మెయిల్ వస్తుంది. మీ కౌంటీ సైట్‌లో అది ఉంటే మీ ఇద్దరి పేర్లతో పాటు, మీవారి పేరు మూడు ముక్కలుగా ఉన్న రూపాన్నీ, తప్పు స్పెల్లింగ్‌నూ కూడా ఎక్కించండి. ఒక్క కరెక్ట్ స్పెల్లింగే పెడితే అలర్ట్ మిస్సవొచ్చు.

నాన్నగారికి రికార్డయిన డీడ్ కాపీ పీడీఎఫ్ పంపండి. మొదటి పేజీ మీదో చివరి పేజీ మీదో క్లర్క్ ముద్ర, తేదీ, నంబరు ఉంటాయి, అవి చూపించండి. ఈసీ అడిగితే టైటిల్ పాలసీ చూపించండి, ఇక్కడ దాని బదులు ఉన్నది అదేనని చెప్పండి.

హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపు) కూడా అప్లై చేయండి. అది అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు, ఫారం 50-114, రూపాయి ఖర్చు లేదు. దీనికీ డబ్బులడిగే ఉత్తరాలు వస్తాయి, పట్టించుకోకండి. 2022 నుంచి, ముందు ఓనర్‌కు ఆ మినహాయింపు లేకపోతే కొన్న ఏడాదే అడగొచ్చు. మీకు ముందున్నది బిల్డర్ కాబట్టి జనవరి దాకా ఆగక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద కొత్త ఇంటి అడ్రస్ ఉండాలి, ముందు ఆ పని చూసుకోండి.