నాటింగ్‌హామ్ ఫారెస్ట్, 1977–80: ఆ రోజుల్లో చూసినవారు, విన్నవారు చెప్పగలరా?

ప్రశ్న – ఎడమ_వింగ్

మిత్రులందరికీ నమస్కారం. కొంతకాలంగా పాత ఇంగ్లీషు ఫుట్‌బాల్ క్లబ్బుల మ్యాచ్‌లను మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా చూస్తున్నాను. లివర్‌పూల్, లీడ్స్, ఆస్టన్ విల్లా, ఏ జట్టు అందం ఆ జట్టుదే అయినా, నా మనసు పదేపదే వెళ్లి ఆగుతున్నది మేనేజర్‌గా బ్రయన్ క్లఫ్ నడిపిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ దగ్గరే. 1977లో రెండో డివిజన్‌లో మూడో స్థానం దక్కించుకుని ఎలాగో పైకి వచ్చిన ఆ జట్టు, మరుసటి ఏడాదే మొదటి డివిజన్ విజేత కావడం, ఆపైన 1979లో మ్యూనిక్‌లోనూ 1980లో మాడ్రిడ్‌లోనూ యూరోపియన్ కప్ గెలవడం నాకు ముందే తెలుసు. అయితే మ్యాచ్‌లు చూశాక ఒక సందేహం పట్టుకుంది.

మ్యూనిక్ ఫైనల్లో మాల్మో జట్టుపై వచ్చిన ఏకైక గోల్ సంగతే తీసుకోండి. మొదటి సగం ముగియబోతుండగా ఎడమ అంచున జాన్ రాబర్ట్‌సన్‌కు బంతి అందుతుంది. అతని నడక, ఒంటి తీరు చూస్తే పరుగులో ఎవరినీ దాటగలవాడిలా కనిపించడు. ఎదురుగా ఇద్దరు డిఫెండర్లు నిలబడి ఉంటారు. అతడు తొందరపడడు. బంతిని కొద్దిగా గోల్‌లైన్ వైపు జరిపి, ఆ ఇద్దరూ ఒళ్లు తిప్పుకునేలోగా ఎడమకాలితో అవతలి పోస్టు దగ్గరికి క్రాస్ వేస్తాడు. ట్రెవర్ ఫ్రాన్సిస్ పరుగున వచ్చి తలతో బంతిని వలలోకి కొట్టి, ఆ ఊపులో మైదానం అంచున ఉన్న షాట్‌పుట్ వలయం మీదికి వెళ్లి పడతాడు. ఆ ఏడాదే పది లక్షల పౌండ్లకు చేతులు మారిన తొలి బ్రిటిష్ ఆటగాడిగా ఫ్రాన్సిస్ పేరే అందరూ చెప్పుకున్నారు గానీ, నా చూపు మాత్రం ఆ క్రాస్ వేసినవాడి మీదే నిలిచిపోయింది.

క్లఫ్ మాటకారితనం వల్లనే ఇదంతా జరిగిందని చెప్పే వ్యాసాలు చాలా చదివాను. ఆ వివరణ నాకు చాలడం లేదు. ఇంత నెమ్మదైన వింగర్ (అంచున ఆడే దాడి ఆటగాడు) చుట్టూ అల్లిన జట్టు యూరప్‌ను ఎలా గెలిచిందో, అప్పట్లో ఆ జట్టును కళ్లారా చూసినవారు గానీ, దూరం నుంచి అనుసరించినవారు గానీ చెబితే ఎంతో సంతోషిస్తాను.

జవాబు – ట్రెంట్_గట్టు

పై చదువు, ఆసుపత్రి శిక్షణల కోసం 1976లో నాటింగ్‌హామ్ చేరిన తెలుగు వైద్యుల్లో నేనొకడిని. డ్యూటీ లేని శనివారాల్లో సిటీ గ్రౌండ్‌కు వెళ్లడం అలవాటైంది. ట్రెంట్ నది ఒడ్డునే ఆ మైదానం ఉంటుంది. పక్కనే టెస్టు క్రికెట్ జరిగే ట్రెంట్ బ్రిడ్జ్, నదికి అవతల నాట్స్ కౌంటీ క్లబ్ మైదానం. అప్పట్లో మైదానంలో చాలా భాగం నిలబడి చూసే మెట్లే కావడంతో, అంచుకు దగ్గరగా చోటు దొరికిన రోజున ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకోవడం, తడి నేల మీద బూట్లు జారిన చప్పుడు స్పష్టంగా వినిపించేవి. రాబర్ట్‌సన్‌ను నేను ఎక్కువగా అలాంటి చోటు నుంచే చూశాను. బంతి రాకముందు అతడు దాదాపు కదలకుండా టచ్‌లైన్‌ను అంటిపెట్టుకుని నిలబడేవాడు. బంతి కాలికి తగిలిన మరుక్షణం ఎదుటి ఫుల్‌బ్యాక్ వెనక్కి అడుగు వేయడం మొదలుపెట్టేవాడు. లోపలికి తిరుగుతాడా, బయటికి వెళతాడా అన్నది చివరిదాకా తేలేది కాదు, ఎందుకంటే అతనికి రెండు కాళ్లూ సమానంగా పనిచేసేవి. మ్యూనిక్‌లో ఎడమకాలితో క్రాస్ వేసినవాడే, మరుసటి ఏడాది మాడ్రిడ్‌లో హాంబర్గ్‌పై సహచరుడు గ్యారీ బిర్టిల్స్‌తో బంతి ఇచ్చిపుచ్చుకుని, కుడికాలితో నేలబారుగా కొట్టి, పోస్టుకు తగిలి లోపలికి వెళ్లిన గోల్ సాధించాడు. వేగం లేకపోవడం అతనికి లోపం కాలేదు. తాను పరుగెత్తకుండా ఎదుటివాణ్ణి ఆపి ఉంచడమే అతని విద్య.

ఇక మీ అసలు ప్రశ్న. క్లఫ్ 1975 జనవరిలో వచ్చేనాటికి రాబర్ట్‌సన్ అక్కడే ఉన్నాడు, మధ్యలో ఆడుతూ, ఎవరికీ పెద్దగా అక్కరలేనివాడిగా. క్లఫ్‌కు తోడుగా ఆయన పాత సహాయకుడు పీటర్ టేలర్ వచ్చినది 1976 వేసవిలో. లెక్క చూడండి: టేలర్ లేకుండా క్లఫ్ నడిపిన ఫారెస్ట్ రెండో డివిజన్‌లో ఒకసారి 16వ, మరోసారి 8వ స్థానంలో నిలిచింది. అంతకుముందు లీడ్స్‌కు క్లఫ్ ఒంటరిగానే వెళ్లి 44 రోజుల్లో బయటికి రావలసి వచ్చింది. టేలర్ వచ్చిన తొలి ఏడాదే మూడో స్థానం, మలి ఏడాది లీగ్ విజయం. క్లఫ్ గొప్పతనాన్ని తగ్గించాలని నేను ఈ మాట అనడం లేదు. ఆటగాడిలో ఏముందో పసిగట్టే కన్ను టేలర్‌ది, ఆ ఆటగాడి చేత ప్రతి శనివారం దాన్ని బయటపెట్టించే మాట క్లఫ్‌ది అని ఆ రోజుల్లో మెట్ల మీద మా పక్కన నిలబడే స్థానికులందరూ నమ్మేవారు, నేనూ నమ్మాను.

కెన్నీ బర్న్స్ కథ ఇంకా విశేషమైనది. బర్మింగ్‌హామ్ సిటీకి గోల్స్ కొట్టే ఆటగాడు అతడు, దుడుకు మనిషని, కుక్కల పరుగు పందాల్లో డబ్బు తగలేస్తాడని పేరు. ఆ పేరులో నిజమెంతో తేల్చుకోవడానికి టేలర్ స్వయంగా పందాల మైదానానికి వెళ్లి అతణ్ణి గమనించాడు. తీసుకువచ్చాక ముందు వరుసలో కాకుండా, లారీ లాయిడ్ పక్కన వెనుక వరుసలో నిలబెట్టారు. ఏడాది తిరిగేసరికి పత్రికా రచయితల సంఘం 1978 ఉత్తమ ఆటగాడిగా బర్న్స్‌నే ఎంపిక చేసింది. లివర్‌పూల్ వదులుకున్నాక కోవెంట్రీలో ఆడుతున్న లాయిడ్, న్యూకాజిల్ పైసా తీసుకోకుండా వదిలేసిన ఫ్రాంక్ క్లార్క్, క్లఫ్ ఎక్కడికి వెళితే అక్కడికి పిలిపించుకున్న జాన్ మెక్‌గవర్న్ – ఇలాంటివారి మధ్య పూర్తి ధర పెట్టి కొన్నది 1977 సెప్టెంబరులో స్టోక్ నుంచి వచ్చిన గోల్‌కీపర్ పీటర్ షిల్టన్‌ను. ఆ లీగ్ సీజన్‌లో 42 మ్యాచ్‌లకు ఫారెస్ట్ ఇచ్చుకున్న గోల్స్ 24 మాత్రమే.

నా జీవితంలో చూసిన మ్యాచ్‌లన్నింటిలోకీ గొప్పది 1979 ఏప్రిల్‌లో కొలోన్‌తో జరిగిన యూరోపియన్ కప్ సెమీఫైనల్, రెండు మ్యాచ్‌లలో మొదటిది. బురదలో కూరుకుపోతున్న మైదానంలో, మేము సరిగ్గా నిలదొక్కుకునేలోపే జర్మన్లు రెండు గోల్స్ కొట్టారు. బిర్టిల్స్ ఒకటి తిరిగి ఇచ్చాడు, బోయర్ సమం చేశాడు, తలతో గోల్ కొట్టడం అరుదైన రాబర్ట్‌సన్ ముందుకు దూకి తలతోనే మూడోది సాధించాడు. గెలిచామనుకుంటుండగా జపాన్ ఆటగాడు ఒకుదెరా బయటి నుంచి దిగి 3–3 చేశాడు. ఆ రాత్రి వంతెన దాటి ఇళ్లకు వెళుతున్నవారిలో ఫైనల్ గురించి మాట్లాడినవారు నాకు ఒక్కరూ కనిపించలేదు. రెండు వారాల తరువాత కొలోన్‌లో బోయర్ కొట్టిన ఒక్క గోల్‌తో ఫారెస్ట్ గెలిచింది.

జవాబు – పాత_లెక్కలు

ట్రెంట్_గట్టు గారు మనుషుల గురించి చెప్పారు. ఆ కాలపు ఏర్పాట్ల గురించి నేను ఒక మాట కలపదలచుకున్నాను, ఎందుకంటే అవి లేకుండా ఈ కథ జరిగేది కాదని నా అభిప్రాయం. అప్పట్లో లీగ్ మ్యాచ్‌ల టికెట్ వసూళ్లలో అతిథి జట్టుకూ వాటా దక్కేది, ఆ పద్ధతి 1983 దాకా నడిచింది. లీగ్ మ్యాచ్‌ల ప్రత్యక్ష ప్రసారం టీవీలో క్రమంగా మొదలైనదీ ఆ ఏడాదే. పెద్ద నగరపు క్లబ్బుకూ నాటింగ్‌హామ్ లాంటి మధ్యతరహా పట్టణపు క్లబ్బుకూ ఆదాయంలో తేడా ఉన్నా, అది నేటి తేడాలాగా దాటరానిది కాదు. యూరోపియన్ కప్‌లో గ్రూపు దశ అనేది లేదు, దేశానికి ఒక విజేత, దానికి తోడు పాత విజేత, ఓడితే ఇంటికే. అందువల్లనే 1978 శరత్కాలంలో మొదటి రౌండులోనే ఫారెస్ట్‌కు లివర్‌పూల్ ఎదురుపడింది. రెండేళ్లు వరుసగా కప్ గెలిచిన ఆ జట్టును సొంత మైదానంలో 2–0తో ఓడించి, వారి మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లో గోల్ ఇవ్వకుండా నిలబడిన ఆ రెండు మ్యాచ్‌లు నా దృష్టిలో మ్యూనిక్ ఫైనల్ కన్నా గొప్పవి. ఆ రోజున సిటీ గ్రౌండ్‌లో తొలి గోల్ కొట్టిన గ్యారీ బిర్టిల్స్ కొంతకాలం ముందు వరకు ఇళ్లలో తివాచీలు పరిచే పని చేస్తూ లాంగ్ ఈటన్ అనే చిన్న జట్టుకు ఆడినవాడు. అతని ధర రెండు వేల పౌండ్లు.

మొదటి డివిజన్ ఒక్కసారే గెలిచి, యూరోపియన్ కప్ రెండుసార్లు గెలిచిన క్లబ్ ఇప్పటికీ ఫారెస్ట్ ఒక్కటే.

జవాబు – షార్ట్‌వేవ్

నేను ఆ జట్టును చూడలేదు, విన్నాను. మా ఇంట్లో నాన్నగారి రేడియోలో శనివారం రాత్రి బీబీసీ వరల్డ్ సర్వీస్ పట్టుకునేవాళ్లం. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 3 గంటలకు ఆట మొదలైతే శీతాకాలంలో మనకు రాత్రి 8.30, ఫలితాలు చదివేసరికి పది దాటేది. గరగరల మధ్య సొంత జట్టు పేరు, గోల్స్, అతిథి జట్టు పేరు, గోల్స్ వరుసగా వస్తుంటే, చదివేవారి గొంతు పైకి లేచిందా, కిందికి దిగిందా అన్నదాన్ని బట్టి రెండో అంకె వినకముందే ఫలితం తెలిసిపోయేది. 1977 నవంబరు నుంచి ఫారెస్ట్ పేరు ఓటమితో ఎప్పుడు వస్తుందా అని అన్నయ్య ఎదురుచూసేవాడు, ఎందుకంటే అతడు లివర్‌పూల్ పక్షం. ఏడాదికి పైగా, 42 లీగ్ మ్యాచ్‌ల పాటు ఆ మాట రాలేదు. చివరికి 1978 డిసెంబరులో ఆన్‌ఫీల్డ్‌లోనే 2–0తో వచ్చింది, అన్నయ్య ఆనందం చెప్పనలవి కాదు. ఆ వరుసను 2004లో ఆర్సెనల్ దాటేదాకా ఎవరూ అందుకోలేదు.

చూడకపోవడం వల్ల నష్టమేమీ జరగలేదని నేను నమ్ముతాను. మెక్‌గవర్న్, గెమిల్, ఓనీల్, వుడ్‌కాక్ అన్న పేర్లు ముఖాలు లేకుండానే మాకు దగ్గరివారి పేర్లయ్యాయి.

జవాబు – నాలుగో_మెట్టు

అందరి మాటలూ ఇష్టంగా చదివాను. ఆ కాలాన్ని ప్రేమించే మనం దాని రెండు ముఖాలనూ చెప్పుకోవాలని కోరుతున్నాను. నాటింగ్‌హామ్‌లోనే పుట్టి పెరిగిన కుడి ఫుల్‌బ్యాక్ వివ్ ఆండర్సన్ 1978 నవంబరు 29న వెంబ్లీలో చెకొస్లొవేకియాపై ఆడి, ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు పూర్తి స్థాయి మ్యాచ్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. అంతకు కొన్నేళ్ల ముందు కార్లైల్‌లో మ్యాచ్‌కు ముందు ఒళ్లు వేడెక్కించుకోవడానికి వెళితే ప్రేక్షకులు పండ్లు విసిరారని, తాను తిరిగివచ్చి కూర్చుంటే క్లఫ్ మళ్లీ వెళ్లమని పంపాడని ఆండర్సన్ పలుమార్లు చెప్పాడు. భయపడితే జట్టులో చోటు ఉండదని మేనేజర్ చెప్పిన ఆ తీరు తనకు మేలు చేసిందనే అతడు భావించాడు.

అదే క్లఫ్, 1981లో పది లక్షల పౌండ్లకు నారిచ్ నుంచి తెచ్చిన జస్టిన్ ఫషనూ స్వలింగ సంపర్కుడన్న మాటలు చెవిన పడ్డాక, అతణ్ణి జట్టుతో కలిసి సాధన చేయనివ్వలేదు. ఒక యువకుడికి వెన్ను నిటారుగా నిలబెట్టిన మనిషే మరో యువకుడి విషయంలో ఇంత క్రూరంగా ప్రవర్తించాడు. క్లఫ్ అంటే నాకు ఎంత గౌరవం ఉన్నా, ఈ సంగతి పక్కన పెట్టి ఆయన గురించి మాట్లాడటం నాకు న్యాయంగా తోచదు.

ఎడమ_వింగ్

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నాలుగో_మెట్టు గారు చెప్పినది చాలా అవసరమైన మాట, ఫషనూ గురించి విడిగా చదువుతాను. ట్రెంట్_గట్టు గారికి ఇంకొక్క ప్రశ్న: క్లఫ్, టేలర్ విడిపోవడానికి కారణం రాబర్ట్‌సనే అని ఒకచోట చదివాను, అది నిజమేనా?

ట్రెంట్_గట్టు

రాబర్ట్‌సన్ తప్పేమీ లేదు గానీ, గొడవ అతని బదిలీ మీదే జరిగింది. టేలర్ 1982లో విశ్రాంతి తీసుకుంటున్నానని చెప్పి ఫారెస్ట్ వదిలి, కొద్ది నెలలకే డెర్బీ కౌంటీ మేనేజర్ అయ్యాడు. డెర్బీ అంటే మాకు పదిహేను మైళ్ల దూరంలోని ప్రత్యర్థి, పైగా 1972లో వారిద్దరూ కలిసి లీగ్ గెలిపించిన క్లబ్. 1983 వేసవిలో క్లఫ్ ఒక సేవా కార్యక్రమం కోసం కొండదారుల్లో నడకకు వెళ్లి ఉండగా, టేలర్ ఆయనకు ముందుగా చెప్పకుండా రాబర్ట్‌సన్‌ను డెర్బీకి తీసుకున్నాడు. ఫోను చేసి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదని ఊళ్లో అందరూ అనుకున్నాం. ఆ తరువాత వారిద్దరూ మాట్లాడుకోలేదు. 1990లో టేలర్ మరణించినప్పుడు క్లఫ్ అంత్యక్రియలకు వెళ్లాడు.

రాబర్ట్‌సన్‌కు డెర్బీలో గాయాలు తప్ప మరేమీ కలిసిరాలేదు, రెండేళ్లకు ఫారెస్ట్‌కే తిరిగి వచ్చినా పాత ఆట రాలేదు. తరువాత పాత సహచరుడు మార్టిన్ ఓనీల్ మేనేజర్‌గా వెళ్లిన లెస్టర్, సెల్టిక్, ఆస్టన్ విల్లాల్లో అతని పక్కనే సహాయకుడిగా పనిచేశాడు. మీరు ఇంకా చూడకపోతే కొలోన్‌తో తొలి సెమీఫైనల్ దొరికినంత మేరకు చూడండి. ఆ మూడో గోల్ దగ్గర, ట్రెంట్ ఎండ్ మెట్ల మీద ఎడమవైపు గుంపులో నేనూ ఉన్నాను.